కంటిలో పడిన కిటికీ

మా ఊళ్ళో పామును కొట్టాక దాని తల చితికిందో లేదో చూసుకునేదాకా ఎవరూ కర్ర కింద పెట్టేవాళ్ళు కాదు. చితకకపోతే, చచ్చేముందు అది తనను కొట్టినవాడి రూపాన్ని కళ్ళలో పట్టేసుకుంటుందని, రాత్రికి జత పాము వచ్చి ఆ కళ్ళలోకి చూసి ఆనవాలు పట్టి పగ తీర్చుకుంటుందని మా నాయనమ్మ చెప్పేది. అందుకే తల చితక్కొట్టి, పిడకల మంటలో వేసి కాల్చేవారు. ఆ మంట చుట్టూ మూగిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. పాము కంట్లో కర్ర పట్టుకున్న మా చిన్నాన్న బొమ్మ ఎంత ఉంటుంది, ఆవగింజంత ఉంటుందా, ఇంకా చిన్నదా అని చాలా రోజులు ఆలోచించాను.

ఎన్నో ఏళ్ళ తర్వాత, ఇంచుమించు ఇదే ఆలోచనతో జర్మనీలో ఒక ప్రొఫెసరు కుందేళ్ళ కళ్ళు కోసి చూశాడని చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. ఆయనకు ఆ కళ్ళలో బొమ్మ దొరికింది కూడా. మనిషి ఏం చూశాడో అతని నోటి ద్వారా కాకుండా, నేరుగా అతని చూపు నుంచే బొమ్మగా తీయగలమా అన్న వెతుకులాట అక్కడ మొదలై దాదాపు నూట యాభై ఏళ్ళుగా సాగుతోంది. ఇప్పుడది కంటిని వదిలేసి మెదడులోకి వెళ్ళింది.

కంట్లో బొమ్మ పడుతుందన్న సంగతి అంతకు చాలా ముందే తెలుసు. బయటి దృశ్యం కంటి వెనక ఉన్న రెటీనా మీద తలకిందులుగా పడుతుందని 1604లో కెప్లర్ లెక్క కట్టి చెప్పాడు. దాన్ని ఎవరికి వారే చేసి చూసుకునే పద్ధతిని డెకార్ట్ 1637లో రాశాడు. అప్పుడే చచ్చిన ఎద్దు కన్ను తెచ్చి, వెనక వైపు పొరలు జాగ్రత్తగా ఒలిచి, ఆ చోట గుడ్డు పెంకు ముక్కో పల్చటి కాగితమో అడ్డం పెట్టి, చీకటి గది కిటికీకి చేసిన కంతలో ఆ కన్నును బిగించాలి. బయటి దృశ్యమంతా ఆ పెంకు మీద చిన్నదై, తలకిందులై కనిపిస్తుంది. అయితే అది నీళ్ళలో నీడలాంటిది. బయట మనిషి కదిలితే అదీ కదులుతుంది, వెళ్ళిపోతే అదీ పోతుంది.

నిలిచే బొమ్మ మీద ఆశ పుట్టింది 1839లో డాగెర్ ఫోటో లోకానికి తెలిశాకే. కెమెరాకు కటకం ఉంది, కంటికీ ఉంది. కెమెరా కడుపులో చీకటి, కంటి కడుపులోనూ చీకటే. కెమెరాలో మందు పూసిన పలక ఉంది కదా, మరి కంట్లో ఆ పలక ఏది? ఈ ప్రశ్న శాస్త్రవేత్తల కన్నా ముందు మామూలు జనాన్ని పట్టుకుంది. హత్యకు గురైనవాళ్ళ కళ్ళలో హంతకుడి ముఖం నిలిచిపోతుందని ఐరోపాలోనూ అమెరికాలోనూ పత్రికలు రాశాయి. 1863లో లండన్‌లో ఒక యువతి హత్య జరిగితే, వార్నర్ అనే ఫోటోగ్రాఫర్ ఆమె కళ్ళను ఫోటో తీయించమని పోలీసులకు ఉత్తరం రాశాడు. అంతకుముందు తాను ఒక దూడ కంటిని అలా ఫోటో తీశానని అందులో చెప్పుకున్నాడు. మా నాయనమ్మ చెప్పిన పాము కథకూ, లండన్ ఫోటోగ్రాఫర్ ఉత్తరానికీ తేడా కెమెరా ఒక్కటే.

పలక దొరికింది 1876లో. రోమ్‌లో పనిచేస్తున్న ఫ్రాంజ్ బోల్ చీకట్లో ఉంచిన కప్ప కన్ను కోసి చూశాడు. రెటీనా చక్కటి ఎరుపులో ఉంది. ఆయన చూస్తుండగానే ఆ ఎరుపు వెలిసి, పసుపు తిరిగి, చివరికి తెల్లబోయింది. చచ్చిన కన్ను కాబట్టి రంగు విరిగిందని సరిపెట్టుకోవచ్చు. ఆయన సరిపెట్టుకోలేదు. బతికున్న కప్పలను వెలుతురులో ఉంచితే రంగు పోతోంది, మళ్ళీ చీకట్లో పెడితే తిరిగి వస్తోంది. అంటే కప్ప బతికుండగా ప్రతి క్షణం ఆ రంగు వెలుతురుకు వెలుస్తూ, లోపల మళ్ళీ తయారవుతూ ఉందన్నమాట. దీని వెంట ఇంకా దూరం వెళ్ళే ఆయుష్షు బోల్‌కు లేకపోయింది. క్షయతో 1879లో పోయాడు. అప్పటికి ఆయనకు 30 ఏళ్ళు.

ఆ పని అందుకున్నవాడు హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విల్హెల్మ్ కూనె. ఇవాళ అందరూ వాడే ఎంజైమ్ అన్న మాటను పుట్టించింది ఈయనే. బోల్ రాసింది చదివిన వెంటనే కప్పలనూ కుందేళ్ళనూ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రెటీనాలోని ఆ ఎర్రని పదార్థాన్ని పిత్తరసంలోని లవణాలతో కరిగించి బయటికి తీశాడు. దాన్నే ఇప్పుడు రొడాప్సిన్ అంటున్నాం. వెలుతురు పడ్డచోట వెలిసి, పడనిచోట నిలిచే రంగు. ఫోటో పలక చేసే పనీ అదే కదా! అలాంటప్పుడు దాని మీద బొమ్మను నిలపలేమా అనుకున్నాడు కూనె.

ఆయన చేసింది ఇది. ఒక తెల్ల కుందేలు తలకు కొన్ని నిమిషాలు గుడ్డ కప్పి ఉంచాడు, రెటీనాలో రంగు నిండుగా పేరుకోవడానికి. తర్వాత గుడ్డ తీసి, దాని ముఖాన్ని ఊచల కిటికీ వైపు కదలకుండా మూడు నిమిషాలు పట్టి ఉంచాడు. బయట మబ్బు పట్టిన ఆకాశం. వెంటనే దాని తల నరికి, కన్ను పెకలించి, అడ్డంగా కోసి, వెనక సగాన్ని పటిక నీళ్ళలో వేశాడు. ఫోటో కడిగాక బొమ్మ చెరిగిపోకుండా మందు నీళ్ళలో ముంచినట్టే. మర్నాడు తీసి చూస్తే రెటీనా మీద తెల్లటి కిటికీ. దాని అడ్డుపట్టీలు, నిలువుపట్టీలు ఎర్రగా, లెక్కపెట్టుకునేటంత స్పష్టంగా ఉన్నాయి. ఈ బొమ్మకు ఆప్టోగ్రామ్ అని పేరు పెట్టాడు.

ఆ కుందేలు గురించి నేను ఆగకుండా ముందుకు పోలేను. ఒక ప్రాణి చూపు నుంచి లోకంలో తీసిన తొలి బొమ్మల్లో ఒకటి అది. అందులో ఉన్నది ఆ కుందేలు చివరిసారిగా చూసిన వెలుతురు.

ఇక మనిషి వంతు. 1880 నవంబరు 16న హైడెల్‌బర్గ్‌కు దగ్గరలో ఉన్న బ్రుక్సాల్ ఊళ్ళో రైఫ్ అనే అతనికి గిలటిన్ మీద శిక్ష అమలు చేశారు. కన్నపిల్లలను చంపిన నేరం. శవం తనకు ఇచ్చేలా కూనె ముందే ఏర్పాటు చేసుకున్నాడు. దగ్గర్లోనే ఒక గదికి ఎరుపు, పసుపు గాజులు అడ్డం పెట్టి మసక వెలుతురుతో సిద్ధం చేశాడు. ఫోటోలు కడిగే రోజుల్లో మన ఊరి స్టూడియో వెనకగదిలో వెలిగే ఎర్ర బల్బును తలుచుకోండి, అలాంటి ఏర్పాటే. కత్తి పడిన పది నిమిషాలకు ఎడమ కంటి రెటీనా ఆయన చేతిలో ఉంది. దాని మీద, అంచులు తీర్చినట్టుగా, ఒక ఆకారం! పక్కనున్న సహచరులకు చూపించాడు, చేత్తో గీసుకున్నాడు. ఆ గీత ఇప్పటికీ ఉంది. కొంచెం మెట్లు మెట్లుగా, ఒక పక్కకు ఒరిగిన చిన్న ముక్క. ఏమిటది? గిలటిన్ కత్తా? ఎక్కివచ్చిన మెట్లా? ఆ చుట్టుపక్కల ఉన్న ప్రతి వస్తువునూ చూశాడు, అక్కడున్నవాళ్ళందరినీ అడిగాడు. ఆ ఆకారానికి సరిపడేది ఏదీ దొరకలేదని ఆయనే రాసిపెట్టాడు.

బొమ్మ దొరికింది గాని అది దేని బొమ్మో తెలియలేదు. ఈ కథలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే చిక్కు ఇదేనని నాకనిపిస్తుంది.

కథకులు మాత్రం అంత ఓపిక పట్టలేదు. 1890లో కిప్లింగ్ రాసిన ఒక కథ మన దేశపు మండుటెండల్లోనే నడుస్తుంది. భయంతో చచ్చిపోయిన ఒక తెల్ల ఇంజినీరు కళ్ళను స్నేహితుడైన డాక్టరు కోడాక్ కెమెరాతో ఫోటో తీస్తాడు, తీసినదాన్ని వెంటనే నాశనం చేసేస్తాడు. 1902లో జూల్ వెర్న్ నవలలో హతుడి కళ్ళ ఫోటో నిర్దోషులను కాపాడుతుంది. మన నాగిని సినిమాల్లో పాము కంట్లో హంతకుడి ముఖం మెరవడం సంగతి చెప్పనక్కరలేదు. చివరికి 1975లో పోలీసులు అడిగితే హైడెల్‌బర్గ్‌లోనే అలెక్సాండ్రిడిస్ అనే కంటి వైద్య నిపుణుడు కుందేళ్ళతో ఆ ప్రయోగాలన్నీ మళ్ళీ చేశాడు. బొమ్మలు వచ్చాయి. కాని నేర పరిశోధనకు పనికిరావని తేలింది.

ఎందుకు పనికిరావో ఆలోచిస్తే చూపు గురించి చాలా తెలుస్తుంది. కన్ను ఒకచోట నిలవదు, సెకనుకు మూడు నాలుగు సార్లు గెంతుతుంది. ఆ గెంతులతో బొమ్మ మీద బొమ్మ పడి అలికినట్టవుతుంది. రంగు ఒక పక్క వెలుస్తూ ఇంకో పక్క పుడుతూ ఉంటుంది. బతికున్న కన్ను ఆ క్షణపు బొమ్మను దాచుకోదు, చెరిపేస్తుంది. చెరపకపోతే తర్వాతి క్షణాన్ని చూడలేదు. పలక మీద రాసింది తుడవకుండా కొత్త అక్షరం ఎలా దిద్దుతాం? హంతకుడు మూడు నిమిషాలు కదలకుండా వెలుతురుకు ఎదురుగా నిలబడి, తర్వాత ఎవరో చీకట్లో వెంటనే కన్ను తీసి పటిక నీళ్ళలో వేస్తే తప్ప వాడి ముఖం దొరకదు.

బొమ్మ కోసం మొదలైన ఈ వెతుకులాట దారిలో ఇంకో మేలు చేసింది. ఆ ఎరుపు రంగు దేంతో తయారవుతుందో వెతుకుతూ వెళ్ళిన జార్జ్ వాల్డ్ 1933లో రెటీనాలో విటమిన్ ఎ ఉందని కనుక్కున్నాడు. రేచీకటి ఎందుకు వస్తుందో అప్పుడు పూర్తిగా అర్థమైంది: తిండిలో విటమిన్ ఎ లేకపోతే వెలిసిన రంగు మళ్ళీ పుట్టదు, సందెవేళకు చూపు ఆరిపోతుంది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన అధ్యయనాల ఆధారంగానే 1970లో దేశమంతటా చిన్నపిల్లలకు ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ నోట్లో పోసే కార్యక్రమం మొదలైంది. అంగన్‌వాడీలో చెంచాతో ఆ పసుపు మందు తాగిన తరంలో ఎందరి కళ్ళు నిలిచాయో! కూనె కుందేలు కంట్లో కిటికీని గీసిన రంగూ, మన పిల్లలకు సందెచీకట్లో దారి చూపే రంగూ ఒకటే.

అదే 1933లో నికోలా టెస్లా ఒక ఊహ చెప్పాడు. మనసులో ఒక బొమ్మను తలుచుకుంటే అది వెనక్కి వచ్చి రెటీనా మీద పడుతుందని, దాన్ని ఫోటో తీసి తెర మీద వేయవచ్చని ఆయన నమ్మకం. అది తప్పు, తలపు రెటీనా దాకా వెనక్కి రాదు. కాని ఆ ఊహలో కెమెరాను కంటి నుంచి తలపు వైపు తిప్పడమనే మలుపు ఉంది. అసలు దారి అటే ఉందని తర్వాత తేలింది.

ఒక్కో కంట్లో దాదాపు 12 కోట్ల దండకణాలు, 60 లక్షల శంకుకణాలు వెలుతురును పడతాయి. అక్కణ్ణుంచి మెదడుకు వెళ్ళే నరపు తీగలు మాత్రం 10 లక్షల చిల్లర. అంటే రెటీనా దగ్గరే చాలా వడకట్టు జరిగిపోతుంది. చెయ్యి బారజాపి బొటనవేలి గోరు చూడండి. మీకు నిజంగా తేటగా కనిపిస్తున్నది ఇంచుమించు అంత మేరే. మిగిలిన గదంతా మసకే. అయినా గదంతా తేటగానే ఉన్నట్టు మనకు అనిపిస్తుంది. అలా అనిపించేలా చేసేది మెదడు. కనుక బొమ్మ కావాలంటే అక్కడే వెతకాలి.

మెదడులో ఎక్కడ అన్నది యుద్ధం నేర్పింది. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో రష్యన్ తూటాలు సన్నవి, వేగం ఎక్కువ. తలలో ఒక పక్క దూరి ఇంకో పక్క బయటికి వచ్చినా కొందరు సైనికులు బతికారు. వాళ్ళ చూపు ఎంత పోయిందో తేల్చి పింఛను నిర్ణయించే పని తత్సుజి ఇనోయె అనే యువ కంటి వైద్యుడిది. తూటా దూరిన చోటూ, వచ్చిన చోటూ కలిపి గీత గీసి, ఆ గీత మెదడులో ఎక్కడెక్కడ పోయిందో లెక్కవేసి, ఆ సైనికుడికి చూపులో ఏ భాగం చీకటి పడిందో దానితో పోల్చాడు. 1909లో అచ్చువేసిన ఆ పటం ప్రకారం మనం చూసే దృశ్యం తల వెనక భాగంలో, మెదడు పొర మీద, ఒక క్రమంలో పరుచుకుని ఉంది. నడిమి చూపుకు చాలా ఎక్కువ చోటు, అంచులకు తక్కువ. లోకం బొమ్మ అక్కడ ఉంది, కాని సాగదీసిన రబ్బరు మీద గీసినట్టు.

ఆ సాగదీసిన బొమ్మను కళ్ళారా చూపినవాడు రోజర్ టూటెల్. 1982లో ఆయనా సహచరులూ ఒక కోతికి బండి చక్రంలాంటి బొమ్మను, వలయాలూ ఆకులూ ఉన్నదాన్ని, మిణుకుమిణుకుమనిపిస్తూ చూపారు. అంతకుముందే దాని రక్తంలోకి రేడియోధార్మిక చక్కెరలాంటి పదార్థం ఎక్కించారు. పనిచేసే కణాలు ఆ చక్కెరను ఎక్కువ లాక్కుంటాయి. తర్వాత కోతిని చంపి, మెదడు వెనక పొరను తీసి, చదునుగా పరిచి, ఎక్స్‌రే ఫిల్ము మీద పెట్టారు. ఫిల్ము కడిగితే చక్రం వచ్చింది. వంగి, సాగి, అయినా ఎవరైనా గుర్తుపట్టేలా. కూనె కుందేలుకు వందేళ్ళ తర్వాత అదే వరుస: చూపడం, చంపడం, కడగడం. మారిందల్లా కంటి బదులు మెదడు.

చంపకుండా తీయడం ఎలా? ఒక దారి విద్యుత్తుది. 1958లో బాల్టిమోర్‌లో హ్యూబెల్, వీసెల్ అనే ఇద్దరు పిల్లి మెదడులో సన్నని తీగ దింపి ఒక్క కణం టకటకలు వింటున్నారు. గాజు పలక మీద నల్లచుక్క పెట్టి తెర మీద చూపితే కణం ఊరుకుంది. పలక మారుస్తుంటే హఠాత్తుగా మిషన్‌గన్‌లా మోగింది. చుక్కకు కాదు, జారుతున్న గాజు పలక అంచు తెర మీద గీసిన సన్నని నీడకు. చూపుకు సంబంధించిన మెదడు పొరలోని కణాలు చుక్కలను కాదు, గీతలనూ వాటి వాలునూ చూస్తాయని అలా బయటపడింది. 1981లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. ఇక 1999లో స్టాన్లీ, లీ, యాంగ్ డాన్ అనే ముగ్గురు, పిల్లి కంటి నుంచి మెదడు పొరకు వెళ్ళే దారిలోని మజిలీలో, 177 కణాల టకటకలను పోగుచేసి, పిల్లికి చూపిన దృశ్యాలను లెక్కలతో తిరిగి కట్టారు. మసగ్గానే అయినా చెట్లు, ముఖాలు తెలుస్తాయి. బతికున్న ప్రాణి చూస్తున్నదాన్ని సంకేతాల నుంచి తీయడం అక్కడ మొదలైంది.

ప్రయోగం కోసమే మనిషి తలలో తీగలు దింపడం కుదరదు. ఆ అడ్డు తొలగింది 1990లో. బెల్ లాబ్స్‌లో సెయిజి ఒగావా, రక్తంలో ఆక్సిజన్ ఉండటాన్నీ లేకపోవడాన్నీ ఎమ్మారై యంత్రం పసిగట్టగలదని చూపాడు. ఏ మడి తడవాలో కాలువ నీళ్ళు ఆ మడికే మళ్ళినట్టు, పనిచేస్తున్న మెదడు భాగానికి రక్తం ఎక్కువగా వెళుతుంది. ఆ మళ్ళింపును చూస్తే ఏ భాగం పనిచేస్తోందో తెలుస్తుంది. చిక్కేమిటంటే రక్తం నెమ్మది, నాలుగైదు సెకన్లు ఆలస్యంగా వస్తుంది. యంత్రానికి కనిపించే ఒక్కో గడి రెండు మూడు మిల్లీమీటర్లు, అందులో లక్షల కణాలు. వాటిలో ఒక్క కణం ఏమంటోందో వినపడదు. ఊరిచివర నిలబడి తిరునాళ్ళ హోరు విన్నట్టుంటుంది.

ఆ హోరులోంచి మాట తీసినవాడు యుకియాసు కమితాని. 2005లో ఫ్రాంక్ టాంగ్‌తో కలిసి, మనిషి చూస్తున్న గీతలు ఎటు వాలి ఉన్నాయో ఆ గడుల పోకడను బట్టి చెప్పగలిగాడు. 2008లో బర్క్‌లీలో జాక్ గాలంట్ బృందం ఇంకో అడుగు వేసింది. 1,750 ఫోటోలు చూపి మెదడు తీరు నేర్చుకుని, తర్వాత కొత్తవి 120 ఫోటోలు చూపి, ఇప్పుడు చూస్తున్నది వీటిలో ఏదో చెప్పు అని యంత్రాన్ని అడిగితే, ఒకరి విషయంలో 92 శాతం, ఇంకొకరి విషయంలో 72 శాతం సరిగ్గా చెప్పింది. గుడ్డిగా చెబితే వందకు ఒకటి కూడా తగలదు. కాని ఇది బొమ్మను తీయడం కాదు, ఆల్బమ్‌లోంచి ఎంచడం.

ఎంచడం కాక కట్టడం అదే ఏడాది చివర్లో క్యోటో దగ్గర కమితాని, మియావాకి బృందం చేసింది. పది వరుసలు, పది నిలువులు, వంద గళ్ళు. ఆ గళ్ళను ఇష్టం వచ్చినట్టు నలుపు తెలుపు చేసి 440 అర్థం లేని బొమ్మలు చూపారు. ఏ గడి వెలిగితే మెదడు ఎలా స్పందిస్తుందో యంత్రం నేర్చుకుంది. తర్వాత అది ఎన్నడూ చూడని అక్షరాలు చూపితే, ఒక్కో అక్షరం మసకగా తేలింది. వరుసగా పేరిస్తే న్యూరాన్ అనే ఇంగ్లిషు మాట. ఆ బొమ్మ చూడటానికి ఏమీ బాగుండదు. పిల్లలు గళ్ళ కాగితంలో బొగ్గుతో పూసినట్టుంటుంది. ఈ వెతుకులాట మొత్తంలో నాకు ఎక్కువ గౌరవం ఉన్న బొమ్మల్లో అదొకటి.

2011లో గాలంట్ ప్రయోగశాలలోనే షింజి నిషిమోతో సినిమాకు పూనుకున్నాడు. యంత్రంలో గంటల తరబడి కదలకుండా పడుకోవాలి, అంత ఓపిక బయటివాళ్ళను అడగలేక ఆయనా సహచరులూ కలిసి ముగ్గురూ తామే పడుకున్నారు. కుందేలు, రైఫ్, కోతి ఎవరూ ఒప్పుకుని రాలేదు. వెతికేవాళ్ళే తమ తలలను ముందుకు పెట్టడం ఈ కథలో నన్ను కదిలించిన చోటు. రెండు గంటల సినిమా ముక్కలతో వాళ్ళ మెదడు తీరును యంత్రానికి నేర్పారు. తర్వాత యూట్యూబ్ నుంచి యాదృచ్ఛికంగా తీసిన 1.8 కోట్ల సెకన్ల వీడియో, అంటే 5,000 గంటలు, దానికి ఇచ్చారు. కొత్త సినిమా ముక్క చూస్తున్నప్పుడు మెదడు స్పందనను బట్టి, ఆ రాశిలో ఇలాంటి స్పందన రాబట్టగలిగే వంద ముక్కలు ఎంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపింది. తెర మీద మనిషి ఉంటే మనిషి మసక. ఆ మసక వీడియో లోకమంతా తిరిగింది. చూసినవాళ్ళు మెదడును ఫోటో తీశారనుకున్నారు. నిజానికి అందులోని ప్రతి చుక్కా యూట్యూబ్‌లో ఎవరో ఎక్కడో తీసిన వీడియోలది.

2013లో కమితాని బృందం కలల వైపు వెళ్ళింది. ముగ్గురిని యంత్రంలోనే పడుకోబెట్టి, నిద్రలోకి జారగానే లేపి ఏం కనిపించిందో అడిగారు. ఒక్కొక్కరినీ దాదాపు 200 సార్లు! పుస్తకం, కారు, మనిషి లాంటివి ఆ కలలో ఉన్నాయో లేదో మెదడు తీరు చూసి సుమారు 60 శాతం సరిగ్గా చెప్పగలిగారు. నాణెం ఎగరేస్తే 50. అది బొమ్మ కాదు, పేరు. అయినా కళ్ళు మూసుకున్నవాడి చూపు నుంచి ఏదో ఒకటి బయటికి వచ్చింది.

ఆ తర్వాత బొమ్మలు వేసే కృత్రిమ మేధ వచ్చింది. 2023లో ఒసాకాలో తకాగి, నిషిమోతో కలిసి స్టేబుల్ డిఫ్యూజన్ అనే యంత్రాన్ని మెదడుకు జతచేశారు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఎనిమిది మందికి నెలల తరబడి వేల ఫోటోలు చూపి పోగుచేసిన సమాచారంలో నలుగురిది వాడుకున్నారు. మెదడు వెనక భాగం నుంచి బొమ్మ పోలికా, ఇంకా ముందున్న భాగాల నుంచి దాని అర్థమూ తీసి యంత్రానికి ఇస్తే, టెడ్డీబేర్ చూసినవాడి మెదడు నుంచి టెడ్డీబేర్, గడియార స్తంభం చూసినవాడి నుంచి గడియార స్తంభం, తళతళలాడుతూ వచ్చాయి. కూనె కిటికీ, క్యోటో గళ్ళు, బర్క్‌లీ మసక, ఇవన్నీ దాని ముందు వెలవెలబోయాయి. చూసిన మొదటిరోజు నాకూ గుండె ఆగినంత పనైంది. ఇక తల దాచుకునే చోటు లేదేమో అనిపించింది.

ఆ భయం వట్టిది కాదు. మెదడులోని సమాచారానికి రక్షణ ఇస్తూ 2021లో చిలీ దేశం తన రాజ్యాంగాన్నే సవరించింది. కాని పడుకున్నవాడి సహకారం లేకుండా ఈ యంత్రాలు పనిచేయవు. ఒకరి మెదడుతో నేర్చుకున్నది ఇంకొకరి మీద నేరుగా సరిపడదు. 2023లోనే టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో, చూసిన మూకీ సినిమానూ విన్న కథనూ మాటల్లో పెట్టే యంత్రాన్ని పరీక్షించారు. మనుషులు కథ వింటూ మనసులో అంకెలు లెక్కపెట్టుకున్నా, జంతువుల పేర్లు వల్లించుకున్నా అది తడబడింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే సంగతి. 2024లో ఆ తళతళలాడే బొమ్మలను నిలదీస్తూ ఒక పరిశోధన వచ్చింది. రాసినవాళ్ళలో కమితాని కూడా ఉన్నాడు, గీతల వాలును మొదట చదివిన ఆయనే. వాళ్ళు చూపింది ఇది: అందరూ వాడుతున్న ఆ ఫోటోల రాశిలో వైవిధ్యం తక్కువ, నేర్పిన ఫోటోలూ పరీక్షించిన ఫోటోలూ ఒకే కోవకు చెందినవి. అదే పద్ధతులను వేరే రకం ఫోటోలు చూసినవారి మెదడు మీద పెడితే బొమ్మలు దారితప్పాయి. అంటే యంత్రం చాలాచోట్ల చేసింది మనిషి చూపును తీయడం కాదు, ఇది ఏ కోవ బొమ్మో పట్టుకుని మిగిలినదంతా తన జ్ఞాపకం నుంచి నింపడం. టెడ్డీబేర్ అన్న కబురు మెదడుది. దాని బొచ్చు, గుండీ కళ్ళు, వెనకున్న సోఫా యంత్రానివి.

ఆ పరిశోధన చదివాక కూనె మళ్ళీ గుర్తొచ్చాడు. రైఫ్ కంట్లో దొరికిన ఆకారాన్ని కత్తి అని రాసేస్తే ఆయన్ను కాదనేవాడు ఎవడూ లేడు. జనం అదే వినాలనుకున్నారు. కాని అది ఏమిటో దొరకలేదని రాశాడు. క్యోటో గళ్ళూ అంతే, తమకు తెలియని గీత ఒక్కటి కూడా గీయలేదు. 440 అర్థం లేని గళ్ళ బొమ్మలు తప్ప వాటికి వేరే జ్ఞాపకం లేదు, కనుక ఎక్కణ్ణుంచీ తెచ్చి నింపడానికి లేదు. నేను ఆ గళ్ళ బొమ్మను ముద్రించుకుని, కుందేలు కంటి కిటికీ పక్కన గోడకు అంటించుకున్నాను. కిటికీలో ఊచలు లెక్కపెట్టవచ్చు. గళ్ళలో అక్షరాలు కళ్ళు చికిలిస్తే తెలుస్తాయి.